ఊ కొట్టిన పిల్ల

"సరే చిన్నవ్వా" అంది ఆ పిల్ల చివరికి. అప్పటిదాకా జమునకు తెలియలేదు, తను మాట్లాడింది కూతురితో కాదని. రేవతి ఫోన్‌కే చేసింది, అటువైపు ఎత్తిన చప్పుడైంది, మంచిర్యాల బస్టాండు మైకులో ఆసిఫాబాద్ బస్సు, చెన్నూరు బస్సు అని ఒకటే మోత, కార్తీక స్నానాలకు పోయే ఆడవాళ్ల గుంపు, అత్తమ్మ కిష్టవ్వ అప్పటికే ధర్మపురి బస్సు కిటికీలోంచి తువ్వాల వేసి సీటు ఆపి, రమ్మని చెయ్యి ఊపుతోంది. ఆ గోలలో అటునుంచి "నేను..." అని ఏదో మొదలైతే "నువ్వేం మాట్లాడకు, ఇను" అంది తను. ఎప్పుడూ అంతే కదా. ఆటకు ముందు అవ్వ చెప్పాలి, కూతురు ఊ కొట్టాలి, చిన్నప్పుడు కథ చెప్పించుకుంటూ నిద్రపోయినట్టు. ఇవాళ కూడా ఊ అని వినిపించింది, ఊ, ఊ, మధ్యలో కాస్త ఆగి మళ్లీ ఊ. జమున అన్నీ చెప్పేసింది. అన్నీ చెప్పాక ఆ చిన్నవ్వా. అవ్వా కాదు. ముందు ఒక చిన్న చేరింది, అంతే. "రేవతి తానం చేస్తుంది చిన్నవ్వా, నేను చెప్త తియ్" అని ఫోన్ పెట్టేసింది మమత, మమతారాణి, అక్క స్వరూప కూతురు, ఇంకాసేపట్లో పుణెలో టెన్నిస్ కోర్టులో రేవతికి ఎదురుగా నిలబడబోయే పిల్ల.

ఇద్దరూ ఒకే గదిలో దిగారని తనకు తెలుసు, ఒకరి ఫోన్ ఒకరు ఎత్తుతారనీ తెలుసు, అయినా ఎలా మరిచిపోయింది. మళ్లీ చేసింది, ఎత్తలేదు, గంట ఆలస్యంగా బస్సు కదిలాక కూడా చేసింది, మోగి మోగి ఆగిపోయింది. ఆటకు పోయేముందు ఫోన్లు సంచీ అడుగున పడేస్తారు, ఇక అయ్యేదాకా తీయరు. కండక్టర్ వచ్చి ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ చేతిలో పెట్టింది. ఆ కాగితం మడిచి బొటనవేలు కింద పట్టుకుని ఫోన్‌లో స్కోర్లు చూపించేది తెరిచింది జమున. రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి, పక్కన రెండు సున్నాలు. మమత పేరు పక్కన పచ్చ చుక్క, అంటే సర్వీసు ఆ పిల్లది. మొదలైపోయింది. బొమ్మ లేదు, చప్పుడు లేదు, మారుతూ పోయే అంకెలే. "ఏందే, మొకం గట్ల వెట్టినవ్?" అని అడిగింది కిష్టవ్వ, ఒళ్లో కొబ్బరికాయ సంచీ సర్దుకుంటూ. ఏం లేదు అత్తమ్మా అంది జమున. ఏం లేదు.

ఏం చెప్పింది తను? మొదట ఆట గురించే చెప్పింది, అది తప్పు కాదు. మమతది ఎడమచేతి వాటం, సర్వీసు వంకర తిరిగి బయటికి పోతుంది, దాన్ని అందుకోవాలంటే రేవతి కోర్టు దాటి పక్కకు పరుగెత్తాలి, ఇటు వెనక అంతా ఖాళీ అవుతుంది. బంతిని బాగా తిప్పి కొడుతుంది, పడ్డాక అది భుజం దాకా లేస్తుంది, పొద్దుగూకేదాకా అయినా విసుగు లేకుండా తిరిగి పంపుతూనే ఉంటుంది. రేవతి అట్లా కాదు. ముందుకొచ్చేస్తుంది, బంతి లేవకముందే అడ్డంగా, చదునుగా బలంగా కొడుతుంది, మూడు నాలుగు దెబ్బల్లో అటో ఇటో తేలిపోవాలి. ఒకప్పుడు తేలేది కూడా. ఎండాకాలంలో మణికట్టు నొప్పి పట్టినప్పటి నుంచి మొదటి సర్వీసు సగం సార్లు నెట్‌కే తగులుతోంది, పోయిన పోటీలన్నిట్లో మొదటి రోజే సంచీ సర్దుకుంది. మమత దసరా నుంచీ గెలుస్తూనే ఉంది, నిన్న తనకంటే ఎంతో పై ర్యాంకు పిల్లను నిలబడనీయకుండా ఓడించింది. చేతి వాటం చూసినా, ఇప్పటి ఊపు చూసినా మమతే. చిన్నప్పుడు ఇద్దరికీ ఆట నేర్పిన ప్రేమ్‌సాగర్ సారు నిన్న ఇంటి ముందు కనిపించి, బాధపడకు చెల్లె, ఈసారి మమతదే అన్నాడు. జమున తల ఊపింది గానీ ఒప్పుకోలేదు. సారుకు తెలియనిది ఒకటి తనకు తెలుసు. దాన్నే చెప్పింది పొద్దున, బస్టాండులో, చెవిలో వేలు పెట్టుకుని, మైకు కంటే గట్టిగా: "దాని సర్వీసుకు భయపడకు. బాల్ లోపట ఉంచు, చాలు. గెలుపు దగ్గరికి అచ్చినంక దాని చెయ్యి ఆగుతది. మనింట్ల తిన్న పిల్ల, నీ మీద ఎట్ల గెలుస్తది? అదే ఇడిసిపెడ్తది." తర్వాత ఊ.

మనింట్ల తిన్న పిల్ల. ఆ మాట ఎక్కడ దాక్కుని ఉంది తనలో, ఎన్నడూ అనలేదే, మమత ముందు కాదు, అక్క ముందు కాదు, భర్త రాజలింగుతో కూడా కాదు. ఇవాళే ఎందుకు నోట్లోంచి అంత సులువుగా జారింది? ఇవాళ కూతురి కోసం భయపడుతోంది కాబట్టి. పోయిన ఆదివారం ప్రయాణానికి బట్టలు మడత పెడుతూ రేవతి, కూరలో ఉప్పు తక్కువైంది అన్నంత మామూలుగా అంది: ఈసారి కూడా మెయిన్ డ్రాలోకి పోకపోతే ఇంక రాకెట్ అలమారి మీద పెడ్త, ఏదన్న జాబ్ చూసుకుంట. ఇవాళ గెలిచిన పిల్ల మెయిన్ డ్రాలోకి, అంటే అసలు పోటీలోకి, పోతుంది. ఓడిన పిల్ల ఇంటికొస్తుంది. అందుకే రాత్రంతా లెక్కలు వేసింది జమున, ఇది ఎట్లా ఆడుతుంది, అది ఎట్లా ఆడుతుంది, ఎక్కడ తిరుగుతుంది ఆట, వేసి వేసి చివరికి ఆ ఒక్క చోట ఆగింది, అక్కడ మాత్రం కూతురు గెలుస్తోంది. నిద్ర పట్టింది కూడా.

రెండు ఒకటి. మూడు ఒకటి. మమత పేరు పక్కనే అంకె పెరుగుతోంది. హాజీపూర్ దాటింది బస్సు, రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోశారు, పత్తి లోడు లారీ ముందు పోతోంది, దాని వెనక నత్తలాగా బస్సు. చప్పుడు వినిపిస్తే తెలిసేది. చప్పుడు ఉంటే చాలు తనకు, కళ్లు అక్కర్లేదు. నస్పూర్‌లో కంపెనీ క్లబ్బు వెనక సిమెంటు కోర్టు, పొద్దున ఊడ్చి నీళ్లు కొడితే సాయంత్రానికి మళ్లీ బొగ్గు దుమ్ము, కొత్త బంతి వారం తిరక్కుండా నల్లబడేది, పిల్లల సాక్సులు ఎంత బండకేసి బాదినా తెల్లబడేవి కావు. ఆ కోర్టు పక్కన ఇనుప బెంచీ మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ ఏళ్లు గడిపింది. కళ్లు గిన్నెలో, చెవులు కోర్టులో. రాజలింగు బొగ్గుబాయిలో పని మొదలుపెట్టేముందు కడ్డీతో పైకప్పు తట్టి వింటాడట, గట్టి రాయి అయితే గంట మోగినట్టు మోగుతుందట, లోపల వీడిపోయి ఉంటే డొల్ల చప్పుడు వస్తుందట, ఆ చప్పుడు వస్తే ఎవరూ దాని కింద నిలబడరు. అది విన్నాక జమున కూడా అట్లాగే వినడం మొదలుపెట్టింది. రాకెట్ నడుమ తగిలిన బంతి మోగుతుంది. భయపడ్డ చేతిలోంచి వచ్చే బంతికి వేరే చప్పుడు. మోచేయి దగ్గర పెట్టుకున్న గిన్నె కదలకుండా చెప్పగలిగేది ఎవరు గెలుస్తారో, అప్పటికి స్కోరు ఎంతున్నా.

అంత చెవి ఉండి ఇవాళ ఆ ఊ ఎవరిదో గుర్తుపట్టలేదు. రాజలింగు ఇప్పుడు బాయిలో ఉన్నాడు, ఫోన్ పైనే టోపీ దీపాలిచ్చే గదిలో ఇచ్చి దిగుతాడు, మధ్యాహ్నం పైకొచ్చి ఫోన్ తీసుకుని అడిగే మొదటి మాట ఎవరు గెలిచిన్రు అని. ఏం చెప్పాలి.

ఆరు రెండు. మొదటి సెట్ మమతది. అంత తొందరగానా? రేవతి అంతగా పడిపోయిందా, లేక ఆ పిల్ల కోపంతో కొడుతోందా? కోపమైతే బాగుండు అనుకుంది జమున, అనుకుని తనకు తానే ఉలిక్కిపడింది. కూతురు ఓడిపోతుంటే బాగుండు అనుకోవడమేంటి. "మన రేవతి ఎవలతోని ఆడుతుందే ఇయ్యాల?" అంటోంది కిష్టవ్వ. మమతతోని అత్తమ్మా అని చెప్పింది. మన మమతనా అంటే ఆ, మన మమతనే అంది. ముసలామె సంచీలో కాయ తడిమి చూసుకుంది. "అయితే ఫికరేందే? ఎవలు గెలిచినా మన ముద్దలే గద అరిగేది. కాయ ఒక్కటే తెచ్చిన, ఎరికైతే రెండు తెస్తుంటి" అని నవ్వి, ముందు సీటామెకు కూడా వినిపించేలా మళ్లీ చెప్పింది. మన ముద్దలు. ఈమె అంటే అది నవ్వు, అందులో ముల్లు లేదు. తను అంటే ఏమైంది. ఒకటే మాట, ఎవరి నోట్లోంచి ఎవరి చెవిలో పడిందన్నదే తేడా.

కాగజ్‌నగర్‌లో బావ పనిచేసే కాగితం మిల్లు మూతపడిన ఏడు తమ ఇంటికి వచ్చింది మమత, రెండు జడలు, చేతిలో సంచీ, బావ అప్పటికే వేరే పని వెతుక్కుంటూ చంద్రాపూర్ వెళ్లాడు. మళ్లీ మిల్లు తెరిచేదాకా ఇక్కడే ఉంది, రేవతి బడికే పోయింది, రేవతితోపాటే కోర్టుకు పోయింది, ఎడమచేత్తో పట్టుకుంటే సారు సరిచేయబోయి ఒక బంతి చూశాక ఊరుకున్నాడు. పెట్టింది తినేది, వద్దనేది కాదు, కావాలనేది కాదు, నమలడం అయిపోకముందే లేచి కంచం కడిగేది. కూర్చోవే అంటే అయిపోయింది చిన్నవ్వా అనేది బుగ్గలో ముద్దతోనే. కోర్టులో కూడా అంతే, జమునకు అది తర్వాత అర్థమైంది. ఇద్దరూ ఆడితే మొదట్నుంచీ మమతే ముందుండేది, ఇంకొక్క గేమ్ అనగా వంగి లేసు కట్టుకునేది. ఊడకపోయినా కట్టుకునేది. లేచాక రాకెట్ చప్పుడు మారిపోయేది, డొల్లగా, బంతి గీత బయటికి పోయేది, నెట్‌కు తగిలేది, రేవతి చేతులెత్తి ఎగిరేది, ఇంటికొచ్చేదాకా నేనే గెలిచిన్నే అవ్వా అని వెంటపడేది. మమత నీళ్ల సీసాలు ఏరుకుని వెనక వచ్చేది. చిక్కుడుకాయ తుంచుతున్న చెయ్యి ఆగేది జమునది, అంతే, మళ్లీ తుంచేది. మిల్లు తెరిచాక మమత వెళ్లిపోయింది, తర్వాత ఇద్దరూ హైదరాబాద్‌లో వేరు వేరు సార్ల దగ్గర చేరారు, పెద్ద పోటీల్లో ఎన్నడూ ఎదురుపడలేదు. ఇవాళే.

లక్షెట్టిపేటలో బస్సు చాలాసేపు ఆగింది, డ్రైవర్ చాయ్‌కి దిగాడు. రెండో సెట్, నాలుగు రెండు మమత. ఇంకో రెండు గేములు, అయిపోతుంది, రేవతి ఇంటికొస్తుంది, రాకెట్ అలమారి మీదికి పోతుంది. నాలుగు మూడు. నాలుగు నాలుగు. బస్సు కదిలింది. నాలుగు ఐదు. ఇప్పుడు రేవతి ముందుంది. సంతోషం రావాలి కదా, రాలేదు. నాలుగు ఆరు, సెట్ రేవతిది. వంగి లేసు కట్టుకుంది, ఖాయంగా కట్టుకుంది, తను చెప్పినట్టే చేసింది. తను చెప్పింది కాబట్టే చేసింది. లేకపోతే ఇవాళ చేసేది కాదేమో, ఇన్నేళ్లకు పెద్దదైంది, బయట అంతమందిని ఓడించింది, ఆ అలవాటు ఎప్పుడో వదిలేసి ఉంటుంది, పొద్దున తనే గుర్తుచేసింది, నువ్వు తిన్నావు అని, ఇచ్చెయ్ అని. సూచన కూతురికి చెప్పాననుకుంది, అప్పు తీర్చమని అక్క కూతురికి చెప్పినట్టయింది. రేవతి గెలిస్తే గెలిచింది అని ఎట్లా అంటుంది ఇప్పుడు. ఎగురుతుంది పిల్ల చేతులెత్తి, అప్పట్లాగే, ఏమీ తెలియక.

మూడోది సెట్ కాదు, ఈ పోటీల్లో మూడోదానికి బదులు ఒక్క టైబ్రేక్, ఎవరు ముందు పదికి చేరితే వాళ్లది, కాకపోతే రెండు పాయింట్ల తేడా ఉండాలి. రెండు ఒకటి, నాలుగు మూడు, ఐదు ఐదు. కిష్టవ్వ సీతాఫలం విప్పి సగం చేతిలో పెట్టింది, అది అట్లాగే పట్టుకుంది జమున, గింజలు వేళ్ల మధ్య జారుతున్నాయి. ఏడు ఐదు మమత. ఎనిమిది ఆరు. తొమ్మిది ఆరు. ఇంకొక్కటి. ఇప్పుడు వంగుతుంది. ఈ బస్సులో కూర్చుని తనకు కనిపిస్తోంది, పుణె ఎట్లా ఉంటుందో తెలియదు గానీ ఆ వంగిన వీపు తెలుసు, జడ భుజం మీంచి ముందుకు పడడం తెలుసు. వంగకే, అనుకుంది. వంగకే మమతా. కట్టుకోకు. పైకి అనలేదు కదా? ముందు సీటామె వెనక్కి తిరిగి చూసింది. గూడెం గుట్ట కనిపిస్తోంది కిటికీలోంచి, ఫోన్ తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది, సిగ్నల్ లేదు. తొమ్మిది ఆరు, తిరుగుతోంది. తొమ్మిది ఆరు, తిరుగుతోంది. కిటికీ బయటికి చెయ్యి పెట్టి పట్టుకుంది ఫోన్, గాలికి చీర కొంగు ముఖం మీద పడింది. "పడేస్తవే, లోపట వెట్టు" అంది కిష్టవ్వ. ఏదో దేవుడికి మొక్కాలి, కానీ ఏమని. రేవతి గెలవాలనా, ఆట ఉండిపోవాలనా, మమత ఇవ్వకూడదనా. మూడూ ఒకేసారి ఎట్లా అడుగుతారు ఎవరైనా. చక్రం ఆగింది. తొమ్మిది తొమ్మిది.

ఇచ్చేసింది. అయిపోయింది. ఒకటి కాదు రెండు కాదు, మూడూ ఇచ్చేసింది, తను వేసిన లెక్క ఒక్క అంకె తప్పకుండా నిజమైంది, ఇట్లా నిజమయ్యే లెక్కను ఎవరు కోరుకుంటారు. తొమ్మిది పది. రేవతి ముందు. ఇంకొక్క పాయింట్ కూతురికి. బస్సు రాయపట్నం వంతెన ఎక్కింది, కింద గోదారి, ఆడవాళ్లంతా కిటికీల వైపు వంగి చిల్లర విసురుతున్నారు, గోదారమ్మ తల్లీ అని దండాలు పెడుతున్నారు, కిష్టవ్వ కూడా కొంగు ముడి విప్పి ఒక బిళ్ల తను విసిరి ఇంకోటి జమున అరచేతిలో కుక్కింది. "మొక్కి ఎయ్యి." జమున బిళ్ల పట్టుకుని కూర్చుంది. కడ్డీతో తట్టి వినే అవకాశం ఉంటే. ఒక్క దెబ్బ వినిపిస్తే చాలు. తెర మీద అంకె కదిలింది. పది పది.

అది రేవతి తప్పో మమత దెబ్బో అంకె చెప్పదు. పదకొండు పది, మమత. ఇక్కడ మళ్లీ వంగుతుందా. వంతెన పొడుగునా బస్సు దడదడమంటోంది, తెర మీద ఏమీ మారడం లేదు, పెద్ద ర్యాలీ జరుగుతోందన్నమాట, బంతి అటూ ఇటూ పోతోంది, తిప్పి ఒకరు, చదునుగా ఒకరు, ఇద్దరూ తన చెవుల ముందు నేర్చిన దెబ్బలే. ఇంకా మారలేదు. వంతెన అయిపోయింది. పన్నెండు పది. మమత పేరు నల్లగా, లావుగా అయింది. రేవతి పేరు బూడిద రంగులోకి మారిపోయింది. బిళ్ల ఇంకా చేతిలోనే ఉంది.

ఓడిపోయింది నా బిడ్డ, అనుకుంది జమున. కళ్లు మండాయి. ఏడుపు రావడం లేదు, ఎవరి కోసం రావాలో తెలియనట్టు మధ్యలో ఆగింది. ఎవలు గెలిచిన్రే అని కిష్టవ్వ మోచేత్తో పొడిచింది, అప్పుడే ఫోన్ మోగింది. రేవతి పేరు. రేవతి ఫోన్. ఎవరు చేస్తున్నట్టు? ఎత్తి చెవికి పెట్టుకుంది గానీ హలో అనలేదు, అవ్వను అనలేదు, బిడ్డా అనలేదు. వింది.

"చిన్నవ్వా, నేను మమతను." ముందే చెప్పింది, ఈసారి పొరపాటు జరగకుండా. "పొద్దుగాల నువ్వు చెప్పింది రేవతికి చెప్పలే. ఆట అయినంక ఇప్పుడే చెప్పిన."

"ఊ" అంది జమున.

"నువ్వన్నట్టే చెయ్యి ఆగింది. తొమ్మిదారు కాడ. తొమ్మిది తొమ్మిది అయ్యేదాక నేనే ఇచ్చిన. అప్పుడు నువ్వు యాదికచ్చినవ్. బెంచీ మీద కూసొని చిక్కుడుకాయ తుంచుకుంట నా బాల్ చప్పుడు ఇంటున్నట్టు."

"ఊ."

"ఇంక ఇయ్యబుద్ధి కాలే చిన్నవ్వా."

ఫోన్ చేయి మారిన చప్పుడైంది. అటువైపు దూరంగా ఇంకో కోర్టులో ఎవరో ఆడుతున్నారు, బంతి మోగుతోంది. "అవ్వా" అంది రేవతి. గొంతు పొడిగా ఉంది. "నస్పూర్‌ల నేను గెలిచినయన్ని గవ్వేనా? అది ఇడిసిపెట్టినయేనా? నీకెరికేనా?"

చెప్పడానికి చాలా ఉన్నాయి, నోటి దాకా వచ్చాయి, నీ మణికట్టు నొప్పి తగ్గితే, నీ మొదటి సర్వీసు గనక, అన్నీ కాదు బిడ్డా, కొన్ని నువ్వే. ఏ ఒక్కటీ తట్టి చూస్తే మోగేది కాదు.

"ఊ" అంది.

అటునుంచి బంతి చప్పుడు మాత్రం వస్తోంది, టక్కు, టక్కు, మధ్యలో పిల్ల ఊపిరి. ధర్మపురి మలుపు తిరిగింది బస్సు, ఆడవాళ్లు లేచి సంచీలు దింపుకుంటున్నారు. రేవతి ముక్కు చీదిన చప్పుడు, మమత ఏదో అన్న చప్పుడు, రేవతేమో నువ్వాగే అనడం.

"ఇంకోసారి దీంతోని ఆడేటప్పుడు నువ్వేం చెప్పకే అవ్వా" అంది రేవతి. "నేను చెప్త. నువ్వు ఇను."

కిష్టవ్వ నిలబడి కొబ్బరికాయ చేతికి తీసుకుని, ఎవల పేరు మీద కొట్టాలె, తొందరగ చెప్పు అంటోంది. జమున ఆమెను ఆగమన్నట్టు వేలు చూపించి, ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదిమి పట్టుకుంది.

"ఊ" అంది.